ముక్కు దారి తెలుసుకో బిడ్డా

బిడ్డా,

దీపావళి పోంగనే మళ్ల నీ ముక్కు పట్టుకున్నదని, ఎడమ చెంప బరువెక్కి నొసలు గుంజుతున్నదని మీ బాపు ఫోన్ల చెప్పిండు. ఆదిలాబాద్ బ్రాంచికి బదిలీ అయినప్పటి సంది ప్రతి చలికాలం ఇదే బాధనట. ఐదు రోజులు గోళీలు, కొన్నాళ్లు నిమ్మళం, మళ్ల అదే సర్ది. ఇప్పుడు ఒకరేమో "ముక్కు బొక్క వంకర ఉంది, వెంటనే ఆపరేషన్ చేయించుకో" అన్నరట. ఇంకొకరేమో "చేయించుకున్నా మళ్ల వస్తది, పైసలు దండుగ" అన్నరట. ఈ రెండు మాటల నడుమ నువ్వు నలుగుతున్నవ్. బతుకంత ముక్కు, చెవి, గొంతు రోగులను చూసుకుంట గడిపినోణ్ణి, పైగా నీ పెద్దబాపును. నీకు నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తరు? జర తీరిక చేసుకొని ఇది మొత్తం చదువు.

నేను చెప్పేది ఒక్కటే మాట. సైనస్ జబ్బు మళ్ల మళ్ల వస్తుంటే క్రిమి పేరు, గోళీ పేరు తర్వాత సంగతి. ముందు తెలుసుకోవాల్సింది దారి. లోపల ఊరే చీమిడి బయటికి వచ్చే దారి ఎక్కడ మూసుకపోతున్నది? ఎందుకు మూసుకపోతున్నది? ఈ రెండింటికి జవాబు దొరకకుండ ఎన్ని గోళీలు మింగినా వచ్చే నెలకు మళ్ల అదే కాడికి వస్తవ్.

ముందు నీ మొకం లోపల ఏమున్నదో చెప్త. ముక్కు చుట్టు బొక్కల నడుమ గాలి నిండిన గదులు నాలుగు జతలున్నయి. అన్నిట్ల పెద్దవి చెంపల లోపలివి, మాక్సిలరీ సైనస్‌లు. ఎదిగిన మనిషికి ఒక్కోటి సుమారు 15 మిల్లీలీటర్లు పట్టేంత ఉంటది. రెండు కండ్ల నడుమ చిన్న చిన్న అరల గుంపు ఉంటది, దాన్ని ఎత్మాయిడ్ అంటరు. నొసటి వెనుకవి ఫ్రాంటల్ సైనస్‌లు. ముక్కు లోపల వెనుక కొసన, తలకాయ నడిమిట్ల దాగి ఉండేవి స్ఫీనాయిడ్‌లు. చెంపలవి, కండ్ల నడుమవి పుట్టినప్పుడే చిన్నగ ఉంటయి. నొసటివి మాత్రం ఆరేడేండ్లు వచ్చినంక గని సరిగ ఏర్పడవు, యవ్వనం దాక పెరుగుతనే ఉంటయి. అందుకే ఇంకా బడి మొదలుపెట్టని నీ కొడుకుకు నొసలు నొస్తే "నొసటి సైనస్" అని ఎవరన్న చెప్తే వెంటనే నమ్మకు.

ఈ గదులన్నిటి లోపల ఒక మెత్తని పొర పరిచి ఉంటది. ముక్కు, ఈ గదులు కలిసి దినానికి లీటరు దాక పల్చని చీమిడి తయారుచేస్తయి. అందుల చాలా మటుకు మనకు తెల్వకుండనే గొంతులకు జారి కడుపులకు పోతది. ఇది రోగం కాదు, కాపలా. మనం పీల్చే దుమ్ము, పుప్పొడి, క్రిములు ఆ జిగటల చిక్కుకుంటయి. పొర మీద కంటికి కనపడని సన్నని నూగు ఉంటది, డాక్టర్లు సీలియా అంటరు. ఆ నూగు సెకనుకు పది పదిహేను సార్లు ఊగుకుంట చీమిడిని ఎప్పటికప్పుడు బయటి దారి దిక్కు నెడుతనే ఉంటది. నువ్వు నిద్రపోయినా దాని పని ఆగదు.

ఇప్పుడు అసలు సంగతి విను. మన కరీంనగర్ పల్లెల చెరువుకు అడుగున తూము ఉంటది, మీద మత్తడి ఉంటది. తూము తెరిస్తే నీళ్లు వాటంతటవే పోతయి. మత్తడి పారాలంటే మాత్రం చెరువు నిండాలె. చెంప గదికి తూము లేదు బిడ్డా, ఉన్నది మత్తడి ఒక్కటే. ఆ గది నుంచి ముక్కులకు తెరుచుకునే రంధ్రం అడుగున లేదు, పైన కంటి దాపున ఉన్నది. వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. మనిషి నిలబడి ఉన్నప్పుడు అడుగున ఉన్న చీమిడి దానంతటది బయటికి రాలేదు. ఆ నూగే దాన్ని గోడల మీంచి ఎక్కించి పైన ఉన్న రంధ్రం దాక మోసుకపోవాలె. నూగు అలిసినా, రంధ్రం వాచి మూసుకపోయినా చీమిడి లోపలనే నిలుస్తది. నిలిచింది చిక్కబడుతది. లోపల గాలి తగ్గుతది. అప్పటిదాక ఊరికనే ఉన్న క్రిములు అక్కడ పెరుగుడు మొదలుపెడుతయి. నీ చెంప బరువు, మీది పండ్ల గుంజుడు, వంగితే తలకాయ పగిలినట్లయ్యుడు, ఇవన్ని అక్కడ మొదలైనవే.

ఆ రంధ్రం కూడ సీదాగ ముక్కులకు తెరుచుకోదు. ముక్కు పక్క గోడకు పైనుంచి కిందికి మూడు మడతలు వేలాడుతుంటయి, టర్బినేట్లు అంటరు. నడిమి మడత చాటున ఒక ఇరుకు సందు ఉన్నది. చెంప గది అందులకే తెరుచుకుంటది. కండ్ల నడిమి ముందటి అరలూ అందులకే. నొసటి గది చీమిడి కూడ ఆ దాపుకే దిగుతది. ఆస్టియోమియాటల్ కాంప్లెక్స్ అని దానికి పేరు. పేరు యాది లేకున్నా సరే, జాగ మాత్రం యాదికి పెట్టుకో. మూడు గదుల రాకపోకలు ఆ ఒక్క సందుల నుంచే. ఆ సందుల పొర ఒకటి రెండు మిల్లీమీటర్లు వాచి ఎదుటి పొరకు ఆనుకుంటే చాలు, ఆ ఆనుకున్న కాడ నూగు ఆగుతది. ఒక్క తాన ఆగితే మూడు గదులు నిండుతయి.

ఈ సంగతిని ఓపికగ చూసి లోకానికి చెప్పినాయన ఆస్ట్రియా దేశంల గ్రాజ్ పట్నం డాక్టర్ వాల్టర్ మెస్సర్‌క్లింగర్. అంతకు ముందటి కాలంల వైద్యం వేరే తీరుగ ఉండె. 1893ల న్యూయార్క్‌ల జార్జ్ కాల్డ్‌వెల్, 1897ల పారిస్‌ల హెన్రీ లుక్ చెప్పిన పద్ధతిల మీది పెదవి ఎత్తి, చిగురు మీద కోసి, చెంప బొక్కను తొలిచి గదిని గీకి శుభ్రం చేస్తుండిరి. ముక్కుల అడుగు దిక్కు కొత్త రంధ్రం పెట్టి చీమిడి కిందికి కారుతదని ఆశపడుతుండిరి. అయితే కింద ఎంత పెద్ద రంధ్రం పెట్టినా నూగు మాత్రం చీమిడిని ఆ కొత్త రంధ్రం పక్కనుంచే దాటించి పైనున్న పాత దారికే మోసుకపోతున్నది. దాని నడక పుట్టుకతో రాసిపెట్టినట్టు మారదు. ఇంగ్లండ్‌ల హెరాల్డ్ హాప్‌కిన్స్ తయారుచేసిన సన్నని గాజు కడ్డీల దుర్బిణి వచ్చినంక మెస్సర్‌క్లింగర్ ముక్కు లోపలి ఆ సందును కండ్లార చూసిండు. ఆ హాప్‌కిన్స్ తోనే 1950లల మన పంజాబ్ బిడ్డ నరీందర్ సింగ్ కపానీ సన్నని గాజు పోగుల గుండ వెలుగును, బొమ్మను పంపే పని చేసిండు. ఈ రోజు నీ ముక్కులకు వెలుగు మోసేది ఆ తీరు పోగులే. మెస్సర్‌క్లింగర్ శిష్యుడు హైన్జ్ స్టామ్‌బర్గర్, అమెరికాల డేవిడ్ కెనడీ ఈ చదువును ప్రపంచమంత పంచిన్రు. 1985ల కెనడీ దానికి ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ అని పేరు పెట్టిండు. దాని సారం ఒక్కటే: గదిని గీకకు, దారిని తెరువు, మిగతాది గది తనే బాగుచేసుకుంటది.

మరి అందరికీ ఇదే ముక్కు కదా, నాకే ఎందుకు మళ్ల మళ్ల అని నువ్వు అడుగుతవ్. అందరి ముక్కు ఒక్క తీరు ఉండదు బిడ్డా. కొందరికి రెండు పుటాల నడిమి గోడ ఒక దిక్కు వంగి ఉంటది, ముక్కు బొక్క వంకర అనేది దాన్నే. కొందరికి నడిమి మడత లోపల గాలి నిండి ఉబ్బి ఆ సందును ఒత్తుతది. కొందరికి కంటి కింద ఒక అదనపు అర పెరిగి చెంప గది రంధ్రాన్ని ఇరుకు చేస్తది, హాలర్ అర అంటరు. ఇంకొందరికి అసలు రంధ్రం కాక పక్కన ఇంకో రంధ్రం ఉంటది. ఒక దాంట్లకెల్లి బయటికి వచ్చిన చీమిడి ఇంకో దాంట్లకెల్లి మళ్ల లోపలికే తిరుగుతది. ఇసొంటి మనిషికి జబ్బు పూర్తిగ పోయిందనుకునే లోపలనే మళ్ల తిరగబెడుతది.

అయితే ఇక్కడ నా మాట జర గట్టిగ పట్టుకో. బొక్క వంకర ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. పూర్తిగ సీదాగ ఉన్న నడిమి గోడ మనుషులల్ల తక్కువనే. వంకర గోడతోని ఏ బాధా లేకుండ ముసలితనం దాక బతికినోళ్లు ఎందరో. బొక్క ఇరుకు చలికాలంల కొత్తగ వచ్చింది కాదు, ఎండకాలంల కూడ ఉన్నది. మరి చలికాలంలనే ఎందుకు మూసుకపోతున్నది? పొర వాస్తున్నది గనుక. ఇరుకు దారి, దాని మీద వాపు, రెండూ ఒక్క తాన కలిసినప్పుడే గది మూతపడుతది. అందుకే మొదలు వాపు ఎందుకొస్తున్నదో వెతకాలె, దాన్ని దించాలె. అది దిగినంక కూడ దారి తెరుచుకోకపోతే అప్పుడు బొక్క సంగతి చూడాలె. ఈ వరుస తప్పితే ఆపరేషన్ చేసినా బాధ తీరదు, చెయ్యకున్నా తీరదు.

నీ వాపుకు కారణాలు నీ చుట్టే వెతుకు. తెలంగాణల చలి ఎక్కువ కొట్టేది మీ దిక్కే. చల్లని పొడి గాలికి నూగు నడక మెల్లగైతది, పైగా ఆ కాలంలనే సర్ది వైరస్‌లు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతయి. అదే కాలంల పత్తి మార్కెట్టుకు వస్తది, జిన్నింగ్ మిల్లులు నడుస్తయి, దూది పొట్టు గాలిల తేలుతుంటది. నువ్వు మిల్లుల పని చెయ్యకున్నా ఊరి గాలి పీలుస్తనే ఉన్నవ్. ఇంట్ల పాత దూది పరుపులు, బొంతలు, మెత్తలు చూసుకో, వాటిల కంటికి కనపడని పురుగులుంటయి, వాటి పొట్టు చాలామందికి పడది. రోడ్ల పొంటి పెరిగే వయ్యారిభామ పుప్పొడి ఇంకొకటి. పొద్దున లేవంగనే వరుస తుమ్ములు, ముక్కు కారుడు, కండ్లు దురద ఉంటే అది ఎలర్జీ. దానికి మందు వేరే, క్రిములను చంపే గోళీలతోని ఎలర్జీ పోదు.

ఇంకో కారణం చాలామంది మరిచేది పండ్లు. మీది దవడ పండ్ల వేర్లు చెంప గది అడుగుకు ఆనుకునే ఉంటయి, కొందరికి నడుమ కాగితమంత బొక్క కూడ ఉండది. పన్ను వేరుకు చీము పడితే అది నేరుగ గదిలకు ఎక్కుతది. ఒక్క దిక్కే బాధ, చెడు వాసన, ఒక్క పుటం నుంచే చీము వస్తుంటే ముందు పంటి డాక్టరుకు చూపెట్టుమని చెప్త. నీకు బాధ ఎడమ చెంపల్నే అని మీ బాపు అన్నడు. ఆ దిక్కు మీది పన్నుకు ఎన్నడో రూట్ కెనాల్ చేయించుకున్నవ్ కదా, దాన్ని ఒక్కసారి ఎక్స్‌రే తీయించు. ఒక్క దిక్కే ఎప్పటికీ పట్టి ఉండే జబ్బును ఎవరూ చిన్నగ తీసుకోవద్దు, దాని వెనుక ఫంగస్ ముద్దో, గడ్డో కూడ ఉండొచ్చు.

ఇగ గోళీల సంగతి. సర్ది అయిన మొదటి వారంల వచ్చే చెంప నొప్పి, ముక్కు దిబ్బడ చాలా మటుకు వైరస్‌వే. వారం పది రోజులల్ల అవే తగ్గుతయి. చీమిడి పసుపుగనో ఆకుపచ్చగనో అయ్యిందని భయపడకు. క్రిములతోని కొట్లాడే మన రక్తకణాలే ఆ రంగు తెస్తయి, వైరస్ సర్దిల కూడ ఆ రంగు వస్తది. పది రోజులు దాటినా తగ్గకపోతే, లేకుంటే తగ్గినట్టే తగ్గి మళ్ల జ్వరం, నొప్పి ఎక్కువైతే, అప్పుడు యాంటీబయాటిక్ గురించి డాక్టరు ఆలోచిస్తడు. నువ్వేమో మొదటి తుమ్ముకే మెడికల్ షాపుకు పోయి "పోయినసారి ఇచ్చిన గోళీలే ఇయ్యి" అంటున్నవట. గట్ల చెయ్యకు బిడ్డా. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ అసొంటి మందులను 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద పెట్టిన్రు. డాక్టరు చీటీ లేకుండ అమ్మొద్దు, అమ్మిన లెక్క మూడేండ్లు దాచాలె. క్రిములు మందులకు మొండికేస్తున్నయని తెలిసే ఆ నియమం పెట్టిన్రు. దారి మూసుకొని ఉన్న గదిలకు గోళీ అరకొరగనే చేరుతది. చావకుండ మిగిలిన క్రిమి మొండిదే మిగులుతది.

ముక్కుల వేసుకునే చుక్కల మందు గురించి కూడ చెప్పాలె. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు వేసుకున్న ఐదు నిమిషాలకు ముక్కు తెరుచుకుంటది, ప్రాణం లేచొచ్చినట్టు ఉంటది. మూడు నుంచి ఐదు రోజుల కంటె ఎక్కువ వాడితే మందు దిగంగనే పొర ఇంకా ఎక్కువ వాస్తది. మళ్ల వేసుకుంటవ్, మళ్ల వాస్తది. ఏండ్ల తరబడి ఆ సీసా లేకుండ నిద్రపోలేనోళ్లను నేను చూసిన. బామ్ రాసుకుంటే గాలి ఆడినట్టు అనిపిస్తది, మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893ల బొంబాయిల అమృతాంజనం మొదలుపెట్టిన కాడి సంది మన ఇండ్లల్ల అది అలవాటైపోయింది. బామ్‌ల ఉండే చల్లదనం ముక్కుల చలిని పసిగట్టే నరాలను తట్టి లేపుతది, దారిని మాత్రం వెడల్పు చెయ్యది. హాయి కోసం రాసుకో, వైద్యం అనుకోకు. ఆవిరి కూడ అంతే. పట్టుకుంటే పట్టుకో గని పిల్లలను మరిగే గిన్నె దాపుకు రానియ్యకు, కాలిన పిల్లలను చూస్తే గుండె తరుక్కపోతది.

దారి తెరిచి ఉంచేటియి రెండు. ఒకటి ఉప్పు నీళ్లతోని ముక్కు కడుగుడు. పావు లీటరు నీళ్లను తెర్లంగ మరిగించి, గోరువెచ్చగ చల్లార్చి, అరచెంచ ఉప్పు, చిటికెడు తినే సోడా కలుపు. సింకు మీద వంగి, తల పక్కకు వంచి, మీది పుటంల మెల్లగ పోస్తే కింది పుటం నుంచి వస్తది, నోటితోని గాలి పీల్చుకో. నల్లా నీళ్లు, బోరు నీళ్లు సీదాగ ముక్కుల పొయ్యకు. 2024, 2025లల కేరళల మెదడుకు అమీబా సోకి ఎందరు కష్టపడ్డరో పేపర్ల చదివినవ్ కదా, అసొంటి అమీబాలకు ముక్కు ఒక దారి. కడిగే సీసాను కూడ దినాం కడిగి ఆరబెట్టు. రెండోది డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే. చుక్కల మందు తీరు ఇది వెంటనే పని చెయ్యది, దినాం కొడితే వారం రెండు వారాలకు వాపు దిగుతది. కొట్టే తీరు కూడ ఉన్నది. తల కొంచెం ముందుకు వంచు. కుడి చేతితోని ఎడమ పుటంల, ఎడమ చేతితోని కుడి పుటంల కొట్టు. మొన నడిమి గోడ దిక్కు కాదు, అదే దిక్కు కంటి బయటి కొస దిక్కు ఉండాలె. గోడ మీద కొడితే రక్తం వస్తది, మందు సందుకు చేరది. ఉప్పు నీళ్లతోని కడిగినంక కొడితే ఇంకా మేలు. "స్ప్రే పని చేస్తలేదు" అని నా కాడికి వచ్చినోళ్లల్ల చాలామంది తప్పుగ కొట్టినోళ్లే, లేకుంటే మూడు రోజులకే ఆపినోళ్లే.

తలనొప్పినంత సైనస్ లెక్కల వెయ్యకు. 2004ల అచ్చైన ఒక పెద్ద పరిశీలనల తమది సైనస్ తలనొప్పే అని నమ్మిన దాదాపు మూడు వేల మందిని చూస్తే, 88 శాతం మందికి మైగ్రేన్ లక్షణాలే కనపడ్డయి. మైగ్రేన్‌ల కూడ ముక్కు దిబ్బడ, కండ్లల్ల నీళ్లు వస్తయి. వెలుతురు, సప్పుడు పడకపోతే, కడుపుల తిప్పితే, ముక్కుల చీము లేకుండ నొప్పి ఒక్కటే ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పు. మైగ్రేన్‌కు ముక్కు కోస్తే ఏం లాభం?

ఇగ పరీక్షల సంగతి. ఒక చిన్న బుక్కు పెట్టుకో. బాధ ఏ తారీఖున మొదలైంది, ఏ దిక్కు, జ్వరం ఉన్నదా, ఏం మందు వాడినవ్, ఎన్ని రోజులకు పోయింది, నడుమ పూర్తిగ బాగున్నదా, అన్ని రాసుకో. ఏడాదిల నాలుగు సార్లు, అంతకు మించి వచ్చి, నడుమ నడుమ పూర్తిగ బాగుంటే అది ఒక తీరు జబ్బు. పన్నెండు వారాలు విడవకుండ ఉంటే అది వేరే తీరు. రెండిటికీ వైద్యం ఒక్కటి కాదు. ఆదిలాబాద్‌లనే 2008 సంది రిమ్స్ దవాఖాన ఉన్నది, ఈఎన్‌టీ డాక్టరు దుర్బిణితోని చూసి ఆ నడిమి సందుల ఏమున్నదో చెప్తడు, అది నొప్పి పెట్టే పరీక్ష కాదు. సీటీ స్కాన్ మాత్రం ముదిరిన సర్దిల తీయించకు. అప్పుడు ఎవరికి తీసినా గదులు మబ్బుగనే కనపడుతయి. వైద్యం సక్కగ చేసి, బాధ తగ్గినంక తీస్తే అసలు దారి ఎక్కడ ఇరుకున్నదో తేటగ కనపడుతది. రిపోర్టుల ఎన్ని వంకరలు రాసినా భయపడకు. నీ బాధ ఉన్న దిక్కు, స్కాన్‌ల మూసుకున్న దిక్కు ఒక్కటేనా అనేది చూడాలె.

ఆపరేషన్ వద్దని నేను అనను. కడుగుడు, స్ప్రే, ఎలర్జీ మందు, పన్ను, అన్ని ఓపికగ చూసినంక కూడ ఆ సందు తెరుచుకోకపోతే, ముక్కుల ద్రాక్ష గుత్తి లెక్క కండ పెరిగి ఉంటే, ఆపరేషన్ మంచి వైద్యం. బయట కోత ఉండది. చేసిన తర్వాత కూడ కడుగుడు, స్ప్రే మానొద్దు, ఈ మాట మరిచినోళ్లే "ఆపరేషన్ చేసినా మళ్ల వచ్చింది" అంటరు. ఆపరేషన్ దారిని వెడల్పు చేస్తది, ఎలర్జీని మాత్రం పోగొట్టది. కండ పెరుగుడుతో పాటు ఆయాసం కూడ ఉంటే ముందే చెప్పు. అసొంటి కొందరికి ఆస్పిరిన్, ఇంకొన్ని నొప్పి గోళీలు పడక ప్రాణం మీదికి వస్తది.

కొన్ని గుర్తులు కనపడితే మాత్రం రాత్రనక పగలనక దవాఖానకు ఉరుకు. కంటి రెప్ప ఎర్రగ వాచుడు, చూపు మందగించుడు, ఒకటి రెండుగ కనపడుడు, నొసటి మీద మెత్తని వాపు, మెడ బిగుసుకపోవుడు, ఓర్వలేని తలనొప్పితోని వాంతులు. కండ్ల నడిమి గదులకూ కంటికీ నడుమ ఉన్న బొక్క కాగితమంత పల్చన, చీము అవతలికి పోవడానికి ఎక్కువసేపు పట్టది. 2021 మే నెలల దీన్ని మన రాష్ట్రమంత చూసింది. కరోనా తగ్గిన షుగర్ రోగులు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినోళ్లు ముక్కుల మొదలైన బ్లాక్ ఫంగస్‌తోని కండ్లు పోగొట్టుకున్నరు, ప్రాణాలు పోగొట్టుకున్నరు. మే 20న తెలంగాణ సర్కారు దాన్ని తప్పకుండ తనకు తెలియజేయాల్సిన వ్యాధిగ ప్రకటించింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ దవాఖానను దానికి ముఖ్య కేంద్రం చేసిన్రు. మీ అమ్మకు షుగర్ ఉన్నది. ఆమెకు చెంప తిమ్మిరెక్కినా, ముక్కుల నల్లని పక్కు కనపడినా ఒక్క దినం ఆగొద్దు.

నీ కొడుకు సంగతి ఒక్క మాట. పిల్లలకు ఏడాదిల ఆరేడు సర్దులు మామూలే, గాబరా పడకు. నోటితోని గాలి పీల్చుడు, రాత్రి గురక ఉంటే ముక్కు వెనుక ఉండే ఎడినాయిడ్లు చూపెట్టు. ఒక్క పుటం నుంచే వాసన చీమిడి వస్తుంటే లోపల చింతగింజో, శనగ గింజో పెట్టుకున్నడేమో చూపించు. ఆటబొమ్మల గుండ్రని చిన్న బ్యాటరీ అయితే గంటలల్లనే పొరను కాలుస్తది, అది నిమిషం ఆగే పని కాదు.

నీకు నేను అప్పజెప్పే పని ఇది. రేపటి సంది ముక్కు కడుగు, బుక్కు రాయి, పన్ను చూపెట్టు. ఈఎన్‌టీ డాక్టరు ముందట కూసున్నప్పుడు మూడు ప్రశ్నలు అడుగు: నాకు దారి ఎక్కడ మూసుకపోతున్నది? వాపుతోనా, బొక్కతోనా, రెండిటితోనా? వాపు దించే వైద్యం సక్కగ చేసినంక ఎన్ని వారాలకు మళ్ల చూస్తరు? వీటికి నిమ్మళంగ జవాబు చెప్పే డాక్టరు చేతిల నువ్వు పైలంగ ఉంటవ్. జవాబు చెప్పకుండనే ఆపరేషన్ తారీఖు ఇస్తే ఇంకొకరిని అడుగు, అది తప్పు కాదు.

ఇంకొకటి బిడ్డా. నీ బ్రాంచి కౌంటర్ కాడికి జిన్నింగ్ మిల్లుల పని చేసేటోళ్లు దినాం వస్తరు. సిరిసిల్ల మరమగ్గాల కాడ, కోరుట్ల, నిర్మల్ బీడీల కాడ, గోదావరిఖని బొగ్గు బాయిల కాడ, మన కరీంనగర్ గ్రానైట్ క్వారీల కాడ పని చేసే మన సుట్టాలూ ఉన్నరు. వాళ్ల దుమ్ము నీ దుమ్ము కంటె ఎన్నో రెట్లు. ముక్కుకు తువ్వాల కట్టుకుంటే సన్నని దుమ్ము ఆగది, మొకానికి సక్కగ ఆనుకునే ఎన్95 మాస్కు కావాలె, పని దిగినంక ముక్కు కడగాలె. ఆపరేషన్ దాక వస్తే ఆరోగ్యశ్రీల ఉన్నదా లేదా అని దవాఖానల ఆరోగ్యమిత్రను అడగమను. నువ్వు చదువుకున్నవ్, అడిగే నోరు నీకున్నది, వాళ్లల్ల చాలామందికి లేదు. నీకు బాగైనంక ఈ నాలుగు మాటలు వాళ్లకు చెప్పు. నేను నేర్చుకున్న చదువు నా తోనే ఆగిపోవద్దు, నీ నుంచి ఇంకో పది ఇండ్లకు చేరాలె.

ఇట్లు, నీ మేలు కోరే
పెద్దబాపు